ఎనిమిది ఇంకుల ఆరోగ్యం

ఒక మనిషికి ఒక్కరే డాక్టరు ఉండటం కంటే దౌర్భాగ్యం మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. కాదనేవాళ్ళు ఈ పేజీ తిప్పేసి, పక్క పేజీలో వాతావరణం చూసుకోవచ్చు.

మీరే ఆలోచించండి. వెనకటి రోజుల్లో ఏముండేది? ఒక డాక్టరు, ఒక బల్ల, ఒక స్టూలు. నాలుక చాపమనేవాడు, చాపేవాళ్ళం. గట్టిగా ఊపిరి పీల్చమనేవాడు, పీల్చేవాళ్ళం. ఎవరికీ అర్థంకాని నాలుగు గీతలు గీసి పంపేవాడు. మూడు రోజుల్లో జబ్బు తగ్గిపోయేది. తగ్గితే ఏం లాభం? మళ్ళీ మన మొహం చూసేవాళ్ళే ఉండేవారు కాదు!

ఇప్పుడలా కాదు. ఇప్పుడు సంపూర్ణ వైద్యం వచ్చింది. రోగాన్ని కాదు, మనిషిని మొత్తంగా చూస్తారు. ఇంగ్లీషు మందులూ, మూలికలూ, సూదులూ, మర్దనలూ అన్నీ ఒకేచోట కలిపి ఇస్తారు. మరి మొత్తం మనిషిని చూడటం ఒక్కరివల్ల అయ్యే పనేనా? అందుకని ఎనిమిదిమందిని పెట్టారు. ఎనిమిది గదుల్లో, మధ్యలో గట్టి గోడలతో.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్న మహానుభావుడు ఈ క్లినిక్ చూడలేదు, పాపం. చూసి ఉంటే నాలుక కరుచుకునేవాడు.

ఇదంతా గాల్లోంచి పుట్టించి చెప్పడం లేదు. మా పెద్దక్కే సాక్షి.

అక్కది కుట్టుపని. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. షాపులో మిషన్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుంటారు కానీ, కత్తెర మాత్రం ఆమె తప్ప మరొకరు ముట్టరు. "కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తిరింపు తప్పితే ఏం చేస్తాం?" అంటుంది. మెడలో కొలతల టేపు, జేబులో చాక్‌ముక్క, ముక్కు చివర కళ్ళద్దాలు. ఆ టేపు ఎప్పుడు తీసి పడుకుంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ ఏడాది ఆమెకి కుడి భుజం పట్టేసింది. చెయ్యి లేవడం లేదు. బడులు తెరవడానికి రెండు నెలలే ఉంది. రెండు వందల నలభై జతలు కత్తిరించాలి. "పద, చూపిద్దాం" అన్నాను. "ఎవరో ఒక మంచి డాక్టరుకి చూపిస్తే చాల్లేరా" అంది.

అరవై ఒక్కేళ్ళ మనిషి అంత చిన్న ఆశతో సరిపెట్టుకోవడం నాకు నచ్చలేదు. ఎనిమిదిమందికీ చూపించాను.

వెళ్ళగానే పధ్నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. కలలు వస్తాయా, వస్తే రంగుల్లో వస్తాయా, వర్షం అంటే ఇష్టమా, ఎవరిమీదైనా కోపం దాచుకున్నారా, ఇలా సాగుతుంది. 'చిన్నతనంలో మీ మనసు మొదటిసారి ఎప్పుడు గాయపడింది?' అన్న ప్రశ్న దగ్గర అక్క కళ్ళద్దాల పైనుంచి నా వైపు చూసి, 'తమ్ముడు పుట్టినప్పుడు' అని రాసింది. ఒంట్లో బాధ ఏమిటో రాయడానికి పదమూడో పేజీ అడుగున చిన్న గడి ఉంది. అందులో భుజం పట్టింది, నొప్పి పట్టలేదు.

ఇక ఒక్కో గదిలోనూ ఆమె తన కథ మొదటినుంచీ చెప్పాలి. ఇది ఎంత గొప్ప సదుపాయమో గమనించారా? మొదటి గదిలో చెప్పినప్పుడు అది ఉత్త భుజం నొప్పి. మూడో గదికి వచ్చేసరికి ఎత్తుపల్లాలు వచ్చాయి. అయిదో గదిలో దానికొక విలన్ కూడా వచ్చాడు. బరువైన కుట్టు మిషన్ ఒకటి, ఇరవై ఏళ్ళ కిందట, నేను ఒక పక్క పడతానని చెప్పి పట్టలేదట. నాకు గుర్తులేదు. ఎనిమిదో గదిలో వింటున్న డాక్టరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి, నన్ను బయట కూర్చోమన్నారు.

వైద్యులందరూ మంచివాళ్ళే. ఆ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. మొదటి గదిలో ఇంగ్లీషు మందుల డాక్టరు కుర్రవాడే అయినా నిదానస్తుడు. భుజానికి ఎక్స్‌రే తీయించి, పన్లోపనిగా బీపీ చూసి, ఎక్కువుందని రోజుకో మాత్ర రాశాడు. రెండో గదిలో సూదులు గుచ్చే ఆవిడ చేతినేర్పు చూసి మా అక్కే మెచ్చుకుంది. సూది పట్టేవాళ్ళ సంగతి సూది పట్టేవాళ్ళకే తెలుస్తుంది మరి. మూడో గదిలో మూలికల పెద్దాయన నాడి చూసి, నిద్ర పట్టడం లేదంటే, ఒంట్లో రక్తపు ఉరవడి తగ్గుతుందని ఒక వేరు పొడి ఇచ్చాడు. నాలుగో గదిలో తీపి గుళికలు, అయిదో గదిలో ఊపిరి కసరత్తు, ఆరో గదిలో నూనె మర్దన, ఏడో గదిలో మనసు విప్పి మాట్లాడటం. ఎనిమిదో గదిలో ఆహారం చూసే ఆవిడ ఉప్పు పూర్తిగా మానిపించింది.

ఫలితం లేదంటే నేను పచ్చి అబద్ధాలకోరునవుతాను. మూడు వారాల్లో చెయ్యి పైకి లేచింది. సూదులూ మర్దనా నిజంగానే పనిచేశాయి.

అన్నీ పాటించడానికి మాత్రం కొంచెం లెక్క వెయ్యాలి. పొడి పరగడుపున వేసుకోవాలి. ఊపిరి కసరత్తూ పరగడుపునే. కానీ పొడి వేసుకున్న గంటదాకా కసరత్తు చేయకూడదు. మాత్ర భోజనం తరవాత. గుళికలకి అటు అరగంటా ఇటు అరగంటా కాఫీ వాసన తగలకూడదు. మర్దన తరవాత రెండు గంటలు స్నానం వద్దు. సూదుల ముందు కడుపు ఖాళీగా ఉండకూడదు, నిండుగానూ ఉండకూడదు. నేను పెద్ద చార్టు గీసి గోడకి అంటించాను. రోజుకి ఇరవై తొమ్మిది గంటలుంటే తప్ప కుదరదని తేలింది.

ఆ సంగతి రిసెప్షన్లో చెప్పాను. "అది పేషెంట్లు ఇంట్లో చూసుకోవాలండీ" అందా అమ్మాయి.

చూశారా! మందులన్నీ వాళ్ళిస్తారు, కలుపుకోవడం మాత్రం మనకే వదిలేస్తారు. రోగి మీద ఇంత నమ్మకం ఉంచే వైద్యం పూర్వం ఎక్కడైనా విన్నారా?

ఇంకో మంచి నియమం ఉందక్కడ. ఫైలు ఒక్కటే, గదిగదికీ తిరుగుతుంది. ఒక్కో గదికీ ఒక్కో రంగు ఇంకు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, ఇలా ఎనిమిది. ఎవరి రంగు వాళ్ళే రాయాలి, ఎవరి రంగు వాళ్ళే చదవాలి. ఒకరి అభిప్రాయం మరొకరి మీద పడి పాడైపోకూడదు కదా! ప్రతి గురువారం ఎనిమిదిమందీ ఒక బల్ల చుట్టూ కూర్చుని సమన్వయ సమావేశం జరుపుతారు. దానికి పేషెంట్లని రానివ్వరు. మొత్తం మనిషి గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ మనిషే ఎదురుగా కూర్చుంటే ఎవరికైనా మొహమాటంగా ఉండదూ?

అంతా ఇలా బాగా నడుస్తుండగా అక్కకి కళ్ళు తిరగడం మొదలైంది.

మొదట నాకు చెప్పలేదు. ఒకనాటి మధ్యాహ్నం నేను షాపులో కూర్చుని ఉండగా నా కళ్ళతోనే చూశాను. కత్తిరింపు బల్ల మీద గుడ్డ ఎనిమిది మడతలు పరిచి, వంగి చాక్‌తో గీతలు గీసుకుంది. కత్తెర అందుకుని, సగం గీత దాకా కోసి, నడుం నిటారు చేసింది. అంతే, బల్ల అంచు పట్టుకుంది. కుడిచేతిలో కత్తెర ఆగలేదు. ఎనిమిది మడతలూ ఏటవాలుగా తెగిపోయాయి.

మిషన్లు రెండూ ఆగాయి. అక్క ఆ గుడ్డ వైపు కాసేపు చూసింది. కత్తెరని సొరుగులో పెట్టి తాళం వేసింది. "ఇవాళ్టికి కాజాలు చూసుకోండమ్మా" అని ఆడవాళ్ళిద్దరికీ చెప్పి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆమె గుడ్డ పాడుచేయడం అదే మొదటిసారి. ఎగతాళి రాసుకుని బతికేవాణ్ణి నేను. నాకు ఆ మధ్యాహ్నం భయమేసింది. కత్తెర లేకపోతే మా అక్క ఎవరో నాకు తెలియదు. ఆమెకీ తెలియదనుకుంటాను.

మర్నాడు క్లినిక్‌కి పరిగెత్తాం. ఎనిమిది గదుల్లోనూ ఒకటే మాట చెప్పాం, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయని. ఎంత ఆదరణ దొరికిందనుకున్నారు? మొదటి గదిలో వయసు అన్నారు, కొన్నాళ్ళు చూద్దామన్నారు. రెండో గదిలో ఒంట్లో శక్తి దారి మార్చుకుంటోందన్నారు. మూడో గదిలో పాత మలినాలు కదులుతున్నాయన్నారు. నాలుగో గదిలో తగ్గేముందు కొంచెం ముదురుతుందన్నారు. అయిదో గదిలో ఊపిరి సరిగా పడుతున్నదానికి అదే గుర్తన్నారు. ఆరో గదిలో నూనె ఒంటికి ఇంకుతోందన్నారు. ఏడో గదిలో ఆమె గతాన్ని వదిలేస్తోందట. ఎనిమిదో గదిలో ఆవిడ, "ఉప్పు ఎక్కడైనా దొంగచాటుగా తింటున్నారా?" అని అనుమానంగా అడిగింది.

కళ్ళు తిరిగింది ఒక్కరికి, అభినందనలు ఎనిమిదిచోట్ల! పాతకాలపు డాక్టరైతే ఈ పాటికి ఏదో ఒక కారణం చెప్పి, మన ఉత్సాహం మీద నీళ్ళు చల్లి ఉండేవాడు.

అక్క మాత్రం మెట్లు దిగుతూ ఒక్క ముక్క అంది. "చేతులొకరు, కాలరొకరు, జేబొకరు కుట్టి పంపితే చొక్కా అవదురా. ఎవరో ఒకరు తొడిగి చూడాలి."

"గురువారం సమావేశం ఉందిగా" అన్నాను.

"అక్కడ తొడుక్కునే మనిషేది?" అంది.

ఆ గురువారం, ఏమైతే అదే అయిందని, సమావేశం గది బయట నిలబడదామని వెళ్ళాం. అక్క షాపునుంచి నేరుగా వచ్చింది కనుక మెడలో టేపు అలాగే ఉంది. ఆ రోజు క్లినిక్‌లో ఒక కొత్త నిపుణుడు చేరాల్సి ఉందని మాకేం తెలుసు? మనిషి కూర్చునే తీరూ, నిలబడే తీరూ కొలిచి సరిచేసే భంగిమల నిపుణుడట. రిసెప్షన్ అమ్మాయి సెలవులో ఉంది, ఆ చోట కొత్తమ్మాయి ఉంది. నెరిసిన జుట్టు చూసింది, కళ్ళద్దాలు చూసింది, మెడలో టేపు చూసింది. లేచి నిలబడింది.

"రండి మేడం, అందరూ మీకోసమే చూస్తున్నారు" అని తలుపు తీసింది.

మా మొర ఆలకించి లోపలికి పిలిచారనుకున్నాం. అక్క ముందు, సంచీ పట్టుకుని నేను వెనక. తీరా కూర్చున్నాక ఎదుట చిన్న అట్ట ముక్క కనిపించింది. 'భంగిమల నిపుణులు' అని ఉంది దానిమీద. అక్క దాన్ని చదివింది. నా వైపు చూసింది. అట్టముక్కని మెల్లగా పక్కకి జరిపి, కళ్ళద్దాలు తుడుచుకుంది. నెల రోజులుగా ఆమె భుజమూ, నాడీ చూసినవాళ్ళెవరికీ ఆమె మొహం మాత్రం గుర్తురాలేదు.

ఆ సమయానికి అసలు నిపుణుడు బయట బెంచీ మీద పధ్నాలుగు పేజీల ఫారం నింపుతున్నాడని తరవాత తెలిసింది. పదకొండో పేజీ దాకా వచ్చాడట.

సమావేశం మొదలైంది. ఒక్కో ఫైలూ బల్ల చుట్టూ తిరుగుతుంది. ఒక్కొక్కరూ తమ రంగు చూసుకుని, "నావైపు నుంచి బాగుంది" అంటారు. ఎనిమిదిసార్లు ఆ మాట అయ్యాక 'సమన్వయం జరిగినది' అని స్టాంపు. ఫైలుకి నిమిషన్నర. ఎక్కడా ఒక్క తగాదా లేదు. మా ఇంట్లో చొక్కా రంగు మీద కూడా అంత ఏకాభిప్రాయం రాదు.

నాలుగో ఫైలు యాభై రెండో నంబరు. మహిళ, అరవై ఒక్కటి, వృత్తి కుట్టుపని. "నావైపు నుంచి బాగుంది" అని ఎనిమిదిమందీ అన్నారు. మర్యాద కోసం ఫైలు తొమ్మిదో కుర్చీకి జరిపారు.

అక్క మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టింది. నీలం చదివింది. ఎరుపు చదివింది. ఆకుపచ్చ చదివింది. కాగితాలు వెనక్కి తిప్పి మళ్ళీ నీలం చదివింది. ఎవరో దగ్గారు. ఎవరో గడియారం చూసుకున్నారు. ఆమె జేబులోంచి చాక్‌ముక్క తీసి, గుడ్డ మీద గీసినట్టే, మూడుచోట్ల మూడు గీతలు గీసింది. గదిలో అందరూ ఆ చాక్‌ముక్క వైపు గౌరవంగా చూశారు. అదేదో వాళ్ళెరగని పరికరం అనుకున్నట్టున్నారు.

"నీలం ఇంకులో బీపీ తగ్గడానికి మాత్ర ఉందండి" అంది అక్క. "ఆకుపచ్చలో వేరు పొడి ఉంది. అదీ ఉరవడి తగ్గించేదే అని రాశారు. నలుపులో ఉప్పు మొత్తం తీసేశారు. ముగ్గురూ ఒకే అంచు కత్తిరిస్తున్నారు కదా, ఇంక గుడ్డేం మిగులుతుంది?"

మొదటి గది డాక్టరు ముందుకు వంగాడు. "పొడి ఎవరిచ్చారు?"

"నేనే" అన్నాడు మూలికల పెద్దాయన. "నెలైంది. బీపీ మాత్ర వాడుతోందని నాకు తెలియదే."

"ఫైల్లో ఉందండి, నీలం ఇంకు" అంది అక్క.

"నేను నీలం చదవకూడదు" అన్నాడాయన, చాలా నిజాయితీగా.

మొదటి గది డాక్టరు ఫైలు లాక్కుని ఎనిమిది రంగులూ తిరగేశాడు. "ఈ పేషెంటుకి లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా?"

"తిరుగుతున్నాయి బాబూ" అంది అక్క.

"మీకెలా తెలుసు?"

"లేచేది నేనే కనుక."

ఎవరో స్టాంపుని మెల్లగా డబ్బాలో పెట్టేశారు.

ఆ డాక్టరుని నేను మెచ్చుకుంటాను. కోప్పడలేదు, సాకులు చెప్పలేదు. లేచి వచ్చి అక్కని కూర్చోబెట్టి ఒకసారీ, నిలబెట్టి ఒకసారీ బీపీ చూశాడు. రెండో అంకె చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. రెండో చేతి నాడి మూలికల పెద్దాయన పట్టుకున్నాడు. ఉప్పు ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. పొడి ఆపారు, మాత్ర మోతాదు తగ్గించారు, ఉప్పు కొంచెం తిరిగి వచ్చింది, వారంలో మళ్ళీ చూస్తామన్నారు. సూదులూ మర్దనా యథాతథం. మొత్తం ఏడు నిమిషాలు పట్టింది.

పదో రోజున అక్క సొరుగు తాళం తీసింది. కత్తెర చప్పుడు విని మిషన్ల మీద ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కాఫీ తెస్తానని బయటికి వచ్చేశాను. కళ్ళలో నలుసు పడితే జనం మధ్య తుడుచుకోవడం నాకు ఇష్టం ఉండదు. రెండు వందల నలభై జతలూ బడులు తెరిచే ముందురోజుకి వెళ్ళిపోయాయి.

భంగిమల నిపుణుడు మాత్రం ఇంకా సూదుల గదికి వస్తున్నాడట. ఆ రోజు పొరపాటున మొదలుపెట్టిన కోర్సు మధ్యలో ఆపకూడదన్నారట.

ఇక క్లినిక్ వాళ్ళు కృతజ్ఞత లేనివాళ్ళనుకునేరు. జరిగినదానికి ఎంతో సిగ్గుపడి, ఇలాంటివి మళ్ళీ జరగకుండా తొమ్మిదో గది తెరిచారు. అన్ని గదుల రాతలూ చదివి కలిపే గది అది. దానికి వెండి రంగు ఇంకు ఇచ్చారు. తెల్లకాగితం మీద వెండి ఇంకు కనబడదు కానీ, ఎలాగూ మిగతా ఎనిమిదిమందీ దాన్ని చదవకూడదు కనుక ఇబ్బంది లేదు.

అది చాలక, ఎనిమిదిమందికీ కొత్త తెల్లకోట్లు కుట్టమని మా అక్కకే ఆర్డరిచ్చారు. కొలతలు చీటీల మీద వచ్చాయి. ఎనిమిది చీటీలు, ఎనిమిది రంగులు. అక్క వాటిని నా చేతికిచ్చింది. "మనిషి లేకుండా నేను గుడ్డ కొయ్యనని చెప్పు."

ఒక శనివారం అందరూ వచ్చారు. షాపు బయట బెంచీ అయిదుగురికి సరిపోతుంది, ఎనిమిదిమంది సర్దుకున్నారు. అక్క ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తాపీగా కొలుస్తోంది. మిగతావాళ్ళకి కూర్చోవడం తప్ప పని లేదు. అప్పుడు సూదుల ఆవిడ మూలికల పెద్దాయన వైపు తిరిగి, "ఇంతకీ మీ గదిలో మీరు ఏం చేస్తారండీ?" అని అడగడం నా చెవులారా విన్నాను. గోడకి అటూ ఇటూ ఆరేళ్ళుగా పనిచేస్తున్నారు వాళ్ళు! గంట గడిచేసరికి మొదటి గది డాక్టరు, "మీ దగ్గరికి వస్తాడు చూడండి, ఆ తపాలా ఆయన" అంటూ ఒక పేషెంటు సంగతి ఎత్తాడు. మరో ముగ్గురు, "మా దగ్గరికీ వస్తాడు" అన్నారు.

ఆ తరవాత ప్రతి శనివారం వస్తూనే ఉన్నారు. కోట్లు ఇంకా పూర్తికాలేదు. ఒకరి కోటుకి బొత్తాం ఉండదు, ఒకరి చెయ్యి కొంచెం పొడవు, ఒకరి జేబు ఇంకా వెయ్యలేదు. చెప్పిన రోజుకి బట్టలివ్వకపోవడం మా అక్క జన్మలో లేదు. క్లినిక్ పేషెంట్లు నలుగురైదుగురు కూడా, ఏదో ఒకటి కుట్టించుకునే నెపంతో, ఆ బెంచీ పక్కనే నిలబడుతున్నారు.

సంపూర్ణ వైద్యం మానవాళికి వరమని నేను ఇప్పటికీ వాదిస్తాను. అది దొరికే చిరునామా మారిందంతే.

మొన్న ఉండబట్టలేక అడిగాను. "రెండు నెలలైంది, ఎనిమిది కోట్లు ఇవ్వలేకపోయావా అక్కా? చెయ్యి మళ్ళీ నొప్పిగా ఉందా?"

ఆమె దారం కొరికి, నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూసింది.

"బొత్తాలన్నీ కుట్టి ఇచ్చేస్తే, మళ్ళీ వీళ్ళు ఒకరితో ఒకరు ఎప్పుడు మాట్లాడుకుంటార్రా?"